చైనులో తగ్గని లింకులు

1997 ఫిబ్రవరి. అమలాపురం గడియారస్తంభం సెంటర్లో నా వాచీ షాపు. షాపంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక బట్టల కొట్టు మెట్ల కింద ఖాళీ జాగా, అందులో ఒక అద్దాల డబ్బా, దాని వెనక స్టూలు, స్టూలు మీద నేను. "అంత పెద్ద గడియారం ఎదురుగా పెట్టుకుని వాచీలు బాగుచేస్తానంటావేంట్రా సూర్నారాయణా, జనం తలెత్తి టైము చూసుకుని పోతారు" అని మా మావయ్య ఎగతాళి చేసేవాడు. ఆయన జోస్యం ఫలించలేదు. మనవాళ్ళు గల్ఫ్ వెళ్తున్నంత కాలం కోనసీమలో వాచీ మెకానిక్కు ఖాళీగా కూర్చోడు.

దుబాయ్, మస్కట్, కువైట్ ఎక్కడికి వెళ్ళినా మనవాడు మొదటి సెలవుకి వచ్చేటప్పుడు ఒకటే రకం వాచీ కట్టుకొచ్చేవాడు. ఆటోమేటిక్కు, అంటే కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి ఊగుతుంటే దానంతటదే తిరుగుతుంది. నీలం డయలు, అందులో తేదీ, వారం, వెడల్పాటి స్టీలు చైను. ఊరికి ఒకటో రెండో ఉండేవి కాబట్టి ఆ ఊరివాళ్ళకి అదొక వింత. "ఫలానా వాడి వాచీ" అని చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టేవారు. నా అద్దాల డబ్బాలో మాత్రం ఎప్పుడు చూసినా అవే నాలుగైదు పక్కపక్కన పడుకుని ఉండేవి. పక్క ఊళ్ళోనూ అలాంటిదే ఉంటుందని ఎవరికీ తట్టేది కాదు. నేను చెప్పినా నమ్మేవారు కాదు.

తొంభై ఏడు నాటికి ఆ వాచీలు పాతబడిపోయాయి. కంపెనీ ఆ చైను చేయడం మానేసింది. పాడైతే ఇంకోటి దొరకదు. అందుకే చైను చిన్నది చేయాలన్నా పెద్దది చేయాలన్నా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాలి. ఇంట్లో మేకు, సుత్తి పెట్టి కొట్టుకుని, లింకుల మూతులు పగలగొట్టుకుని, అప్పుడు నా దగ్గరికి వచ్చి "కొంచెం చూడండి" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. చెయ్యి విరగ్గొట్టుకున్నాక డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన కట్టు కట్టగలడు గానీ, పాత చైనుకి ఏ కట్టూ ఉండదు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. చైనులో ఒక్కొక్క ముక్కని లింకు అంటాం. లింకుకీ లింకుకీ మధ్య స్ప్లిట్ పిన్ను ఉంటుంది, అంటే మధ్యకి చీలిన సన్నటి స్టీలు పుల్ల. క్లాస్పు అంటే చైను లాకు. దానికి అటూ ఇటూ ఉన్న కొన్ని లింకులకి లోపలివైపు చిన్న బాణం గుర్తు ఉంటుంది. బాణం ఉన్న లింకులే తీయడానికి వీలైనవి, పిన్నుని కూడా బాణం చూపించిన వైపుకే కొట్టాలి. ఎదురు కొడితే రంధ్రం చీలుతుంది, ఇక ఆ లింకు పనికిరాదు. తుప్పు పట్టి ఉంటే కుట్టుమిషను నూనె చుక్క వేసి ఒక పూట వదిలేయాలి. పైకి గీత పడకుండా కాగితం టేపు అంటించి, టేకు చెక్క మీద పడుకోబెట్టి, పిన్ను కంటే సన్నటి సూదితో మెల్లగా తట్టాలి. తీస్తే రెండు వైపులా సమానంగా తీయాలి. లేకపోతే క్లాస్పు మణికట్టు మధ్యకి రాకుండా ఒక పక్కకి జారుతుంది. తీసిన లింకులు పొట్లం కట్టి మనిషి చేతిలో పెట్టాలి. అవి అతనివి, మనవి కావు.

ఆ రోజు ఒక ఆడమనిషి, ఆమె వెనక పాతికేళ్ళ కుర్రాడు వచ్చారు. ఆమెకి ముప్ఫై దాటి ఉండవు. నుదుట బొట్టు లేదు, చేతులకి గాజుల్లేవు. ఆమె పేరు సత్యవతి అనీ, అతను ఆమె మరిది అప్పలరాజు అనీ తర్వాత తెలిసింది. ముమ్మిడివరం అవతల, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర బోట్ల మీద బతికే ఊరు వాళ్ళది.

"చైను పెద్దది చెయ్యాలండి," అని ఆమె రుమాలు విప్పి వాచీ డబ్బా మీద పెట్టింది. "మా మరిదికండి. బిగుతైపోతంది."

"వాచీ ఎవరిదమ్మా?"

"మా ఆయందండి. తుఫానులో పోయేరండి."

తొంభై ఆరు తుఫాను సంగతి మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పటికి మూడు నెలలైంది. ఇంకా కొబ్బరితోటల్లో విరిగిన చెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. తలకాయ లేని మానులు వరసగా నిలబడి ఉండేవి.

ఆమె కొంగు ముడి విప్పి చిన్న పొట్లం తీసింది. లోపల రెండు లింకులు. "ఇయ్యి మీరే ఇచ్చేరంటండి. పారెయ్యొద్దన్నారని దేవుడి గూట్లో పెట్టేరాయన. ఇప్పుడు పనికొస్తయ్యి కదండీ?"

పొట్లం చూడగానే మనిషి గుర్తొచ్చాడు. నూకరాజు. మస్కట్ నుంచి వచ్చిన కొత్తలో తెచ్చాడు. మణికట్టు సన్నగా ఉండేది, వాచీ మోచేతి దాకా జారిపోయేది. "మూడేళ్ళున్నా ఒళ్ళు చేయలేదేమయ్యా" అన్నాను. "తిన్నదంతా ఆ ఎండే తినేసిందండి" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం. చెరో వైపు ఒక లింకు తీశాను. ఒక పిన్ను తుప్పు పట్టి విరిగిపోతే, ఇత్తడి తీగ ఆకురాయితో అరగదీసి కొత్త పిన్ను చేసి వేశాను. "లింకులు జాగ్రత్త, నీకూ ఎప్పుడో ఒళ్ళొస్తుంది" అన్నాను. ఆ తర్వాత మస్కట్ మానేసి బోటులో వాటా కొనుక్కున్నాడని విన్నాను.

"ఎలా జరిగిందమ్మా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

సమాధానం అప్పలరాజు చెప్పాడు. "నలుగురు బోటేసుకుని ఎళ్ళేరండి. బోటూ లేదు, మనుషులూ లేరండి. శానా రోజులకి మడ చెట్లల్లో ఒక మనిషి చిక్కుకుని ఉన్నాడని కబురొచ్చింది. ఎళ్ళేనండి. మొహం లేదండి. ఒళ్ళంతా ఉబ్బిపోయింది. చేతికి వాచీ ఉందండి. మా ఊళ్ళో అలాంటి వాచీ ఇంకోళ్ళకి లేదండి. అక్కడే కొరివి పెట్టేసేను."

అతను ఆ మాటలు చెబుతుంటే సత్యవతి పక్క కొట్టు బోర్డు వైపు చూస్తూ నిలబడింది. ఇంక ఏమీ అడగాలనిపించలేదు. వాచీ తీసుకుని, ఐ గ్లాసు కంటికి పెట్టుకున్నాను. అది కంటి గుంటలో ఇరికించుకునే భూతద్దం.

చైను సందుల్లో ఉప్పు, బురద గట్టిపడి ఉన్నాయి. బ్రష్షు పెట్రోల్లో ముంచి తోమాను. లింకులు ఎక్కడ కలపాలో చూద్దామని క్లాస్పు పక్కన బాణం గుర్తులు వెతికాను. ఒక వైపు బాణాలున్న లింకులన్నీ ఉన్నాయి. రెండో వైపు తిప్పాను. అక్కడా అన్నీ ఉన్నాయి.

ఆ రకం చైనులు నేను వందల్లో విప్పాను. కంపెనీ నుంచి ఎన్ని లింకులతో వస్తుందో నిద్దట్లో లేపినా చెప్తాను. ఆ చైనులో ఒక్క లింకు కూడా తగ్గలేదు. తీసిన రెండు లింకులేమో నా ఎడమ చేతిలో ఉన్నాయి.

మొదట నా కళ్ళనే తిట్టుకున్నాను. గ్లాసు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇత్తడి పిన్ను కోసం వెతికాను. స్టీలులో ఇత్తడి పచ్చగా కొట్టొచ్చినట్టు కనిపించాలి. అన్నీ కంపెనీ పిన్నులే. ఒక్కటి కూడా ఎవరూ ఎప్పుడూ కదిపినట్టు లేదు. నా చేతులు చల్లబడ్డాయి.

"బజారు పనేదైనా ఉంటే చూసుకుని రండమ్మా, కాస్త టైము పడుతుంది," అన్నాను.

వాళ్ళు వెళ్ళగానే వాచీ వెనక మూత విప్పాను. మెకానిక్కులకి ఒక అలవాటుంది. వాచీ విప్పి సర్వీసు చేశాక మూత లోపలివైపు సూదిమొనతో ఎవరి గుర్తు వాళ్ళు గీస్తారు. మళ్ళీ వస్తే తన చెయ్యి పడిందో లేదో తెలియడానికి. నూకరాజు వాచీకి నేను చైనుతో పాటు సర్వీసు కూడా చేశాను. లోపల నా గుర్తు చిన్న శంఖం ఉండాలి. అది లేదు. దాని బదులు త్రిశూలం ఉంది.

ఆ త్రిశూలం ఎవరిదో నాకు తెలుసు. రాజోలు వీర్రాజుది. మేమిద్దరం కాకినాడలో ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం.

ఎవరో వచ్చి సెల్లు వేయమంటే లేదు పొమ్మన్నాను. మడ చెట్లల్లో దొరికిన మనిషి నూకరాజు కాడు. ఈవిడ గాజులు పగలగొట్టుకుంది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం. ఆ మనిషి ఇంటివాళ్ళు ఎక్కడో గుమ్మంలో కూర్చుని ఉంటారు. మరి నూకరాజు? సముద్రంలోనే పోయాడా? ఏ ఒడ్డుకైనా కొట్టుకుపోయి బతికున్నాడా? వాచీ బాగుచేసేవాణ్ణి, ఇదంతా నా డబ్బా మీదకి ఎందుకొచ్చి పడిందిరా భగవంతుడా అనుకున్నాను.

చెప్పకుండా ఉండటం చాలా తేలిక. రెండు లింకులు కలిపి ఇచ్చేస్తే పావుగంట పని. మూడు నెలలకి ఆవిడ కుదుటపడింది, తీసుకెళ్ళి మళ్ళీ ఏట్లో ముంచడమెందుకు అనిపించింది. కానీ లింకులు కలపడానికి సూది పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. తెలిసి తెలిసి ఒకరి చైనులో ఇంకొకరి లింకు ఎలా వేయను?

వాళ్ళు వచ్చారు. సత్యవతిని స్టూలు మీద కూర్చోమన్నాను. చెప్పాను.

అప్పలరాజు మొహం ఎర్రబడిపోయింది. "ఏంటండీ మీరు చెప్పేది? ఆ చెయ్యి నేను పట్టుకున్నానండి. మా అన్నయ్యే."

"కోప్పడకు బాబూ. ఈ రెండు లింకులూ ఈ చైనులోవే అయితే ఇక్కడా ఇక్కడా తక్కువుండాలి. చూడు. అన్నీ ఉన్నాయి."

"మళ్ళీ కొత్తవి కొని ఏయించుకున్నాడేమో."

"ఇవి దొరకవు. దొరికినా నేను వేసిన ఇత్తడి పిన్ను ఏది? మూత లోపల నా గుర్తు ఏది?"

అతనికి గ్లాసు ఇచ్చాను. పెట్టుకోవడం రాక రెండుసార్లు జారవిడిచాడు. మూడోసారి పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గ్లాసు డబ్బా మీద పెట్టి గోడకి జేరబడిపోయాడు. "చెప్పకపోయినా బాగుండునండి," అన్నాడు. "ఇప్పుడిప్పుడే రెండు ముద్దలు తింటంది మా ఒదిన."

సత్యవతి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆవిడ కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి నుదుటి మీదకి వెళ్ళి, బొట్టు ఉండాల్సిన చోట ఆగిపోయింది.

"అయితే మేం ఎవర్ని కాల్చేవండి?" అంది.

ఎదురుగా ఉన్న జనం, రిక్షాలు, సైకిళ్ళు అన్నీ ఎప్పటిలాగే పోతున్నాయి. ఆ మాట విన్నాక కూడా అవన్నీ అలా ఎలా పోతున్నాయో నాకు అర్థం కాలేదు.

చివరికి ఆవిడే లేచింది. "వాచీ మీ దగ్గిరే ఉంచండి. ఎవరిదో కనుక్కోండి. పాపం ఆళ్ళు ఎతుక్కుంటా ఉంటారు." రెండు లింకులు పొట్లం కట్టుకుని కొంగున ముడేసుకుంది.

మర్నాడు షాపు తీయలేదు. బస్సెక్కి రాజోలు వెళ్ళి వీర్రాజు ముందు వాచీ పెట్టాను. జరిగింది చెప్పాను. ఇలాంటి వాచీలు వాడి దగ్గరకీ బోలెడు వస్తాయి, ఇది ఎవరిదో గుర్తులేదన్నాడు. కానీ కాసేపటికి వాడే ఒక సంగతి పట్టుకున్నాడు. రాజోలు వాడి వాచీ ముమ్మిడివరం మడ అడవిలో ఎందుకుంటుంది? ఆ వైపు రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్ళినవాడై ఉండాలి. అలా వెళ్ళి తిరిగిరానివాళ్ళ గురించి కనుక్కుంటానన్నాడు.

వారం తిరక్కుండా ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని నా షాపుకి వచ్చాడు. ఆయన పేరు సుబ్బారాయుడు. కొబ్బరికాయలు వొలిచే పని. అరచేతులు చెక్కల్లా ఉన్నాయి. ఒక్కడే కొడుకు, కువైట్లో ఒప్పందం కుదరక వచ్చేసి రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళాడట. తుఫాను తర్వాత చెరువూ లేదు, పాకా లేదు. పెద్దాయన కొడుకు ఫొటో పట్టుకుని ఆస్పత్రులన్నీ తిరిగాడట. నేను సత్యవతికీ అప్పలరాజుకీ ముందే కబురు పెట్టాను. వాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. సత్యవతి నుదుట చిన్న బొట్టు ఉంది. దాన్ని చూసి ఊళ్ళో ఎన్ని మాటలన్నారో అప్పలరాజు నాకు చెవిలో చెప్పాడు.

పెద్దాయన వాచీని అద్దం వైపు తిప్పి, నాలుగు అంకె దగ్గరున్న గీతని బొటనవేలితో తడిమాడు. "ఇది నా గునపం తగిలి పడ్డ గీతండి. ఆ రోజు తిట్టేడు నన్ను," అన్నాడు. అంతే. వాచీ మా నలుగురి మధ్యా పెట్టి కూలబడిపోయాడు.

కాస్త తేరుకున్నాక అడిగాడు. "కొరివి ఎవరు పెట్టేరు బాబూ?"

అప్పలరాజు లేచి నిలబడ్డాడు. "నేనేనండి. మా అన్నయ్య అనుకుని పెట్టేనండి. నాకు తెలీదండి. తప్పైపోయిందండి."

"పెద్దకర్మ?"

"చేసేవండి. బూరెలు, గారెలు అన్నీ ఒండేవండి. ఏదీ తక్కువ చెయ్యలేదండి."

పెద్దాయన ఒక్కసారిగా వంగి ఆ కుర్రాడి కాళ్ళు పట్టుకోబోయాడు. అప్పలరాజు అదిరిపడి వెనక్కి గెంతాడు. నేనూ వీర్రాజూ పట్టుకుని లేవదీశాం. డెబ్బై ఏళ్ళ మనిషి పాతికేళ్ళవాడి కాళ్ళ మీద పడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"కాకులు పీక్కుతిన్నయ్యేమో అనుకుంటా పడుకుంటన్నానయ్యా ఇన్నాళ్ళూ," అన్నాడు ఆయన. "దిక్కూ మొక్కూ లేకుండా పోయేడనుకున్నాను. తమ్ముడి చేత కొరివి పెట్టించుకున్నాడా నా కొడుకు."

తర్వాత వాచీ తీసి అప్పలరాజు చేతిలో పెట్టాడు. అతను వద్దంటే వద్దన్నాడు. పెద్దాయన వినలేదు. "ఇది నీదే. ఈయన చేత నీ చేతికి సరిపడా చేయించుకో," అన్నాడు.

చైను పట్టుకుని అప్పలరాజు మణికట్టుకి పెట్టి చూశాను. క్లాస్పు పడటం లేదు. ఇంకో రెండు లింకులు కావాలి. అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు, అప్పలరాజుకీ తెలుసు. ఇద్దరం సత్యవతి వైపు చూశాం.

ఆవిడ కొంగు ముడి గుప్పిట్లో పట్టుకుంది. "ఏం అనుకోకండి. ఇయ్యి మా ఆయన వాచీవండి," అంది. "ఆయనొచ్చేక కావాలి కదండీ."

క్లాస్పు లోపల చిన్న రంధ్రాల వరస ఉంటుంది, స్ప్రింగు పుల్లని చివరి రంధ్రంలోకి మారిస్తే కాస్త వదులొస్తుంది. అది చేశాను. బిగుతుగానే ఉన్నా పట్టింది. పెద్దాయన ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. ఇప్పుడు సెల్‌ఫోన్లొచ్చి వాచీ కట్టేవాళ్ళే తగ్గిపోయారు. నూకరాజు రాలేదు. బంగ్లాదేశ్ ఒడ్డుకి కొట్టుకుపోయిన బోట్లున్నాయని, మనవాళ్ళు అక్కడి జైల్లో ఉన్నారని ఒక ఏడాది పుకారు లేచింది. దానిమీద సత్యవతి ఎన్ని ఆఫీసులు తిరిగిందో లెక్కలేదు. పెద్దాయన మాత్రం నాలుగేళ్ళ క్రితం నిద్దట్లోనే పోయాడు. అప్పలరాజు వెళ్ళి కొరివి పెట్టి వచ్చాడు.

మురమళ్ళ గుడి దగ్గర ఒకసారి సత్యవతి కనిపించింది. జుట్టు నెరిసింది, బొట్టు అలాగే ఉంది. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్న మాట అడిగేశాను. "ఆ రోజు నేను చెప్పకుండా ఉండాల్సిందా అమ్మా?"

ఆవిడ ఆలోచించకుండానే చెప్పింది. "చెప్పబట్టేగదండీ, ఆ పెద్దాయన నిద్రపోయేరు."

"మరి నీకో?"

"ఎండగా ఉందండి, నీడకి రండి," అంది.

నేను నేర్చుకున్నది అంతే. ఒక ఇంట్లోంచి ఎదురుచూపు తీసి ఇంకో ఇంట్లో పెట్టాను. ఎవరి కష్టం వాళ్ళ ఇంటికి చేరింది. పని సరిగ్గానే చేశానని నాకు తెలుసు, అయినా ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.